హెంప్ నుంచి మందు దాకా: సీబీడీ తయారీలో అసలు కష్టం ఎక్కడుంది

గంజాయి జాతికే చెందిన హెంప్ మొక్క పూత నుంచి, మూర్ఛకు మందుగా వాడే సీబీడీ అనే రసాయనాన్ని బయటికి తీయడానికి గొప్ప యంత్రాలేమీ అక్కర్లేదు. ఎండిన పూతను ఆల్కహాల్‌లో నానబెట్టి, వడగట్టి, ఆల్కహాల్‌ను ఆవిరి చేస్తే ముదురు ఆకుపచ్చ రంగులో జిగురు లాంటి పదార్థం మిగులుతుంది. సీబీడీ అందులోనే ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో మందుల షాపుల్లో అమ్మిన గంజాయి టించర్లు దాదాపు ఇలాగే తయారయ్యేవి. 1839లో విలియం బ్రూక్ ఓషానెసీ అనే వైద్యుడు కలకత్తాలో తన ప్రయోగాల వివరాలు ప్రకటించాక ఈ సారాలు పాశ్చాత్య వైద్యంలోకి వెళ్లాయి. మూర్ఛలు వస్తున్న ఓ పసిబిడ్డకు ఆ మందు వాడిన కేసు కూడా ఆయన రాతల్లో ఉంది. అయినా ఇరవయ్యో శతాబ్దం నడిచేకొద్దీ వైద్యులు వీటిని పక్కన పెట్టేశారు. చట్టాలు బిగుసుకోవడం ఒక కారణం. రెండో కారణం అంతకు ముందు నుంచీ ఉన్నదే. ఒక సీసా పనిచేసేది, ఇంకో సీసా పనిచేసేది కాదు. లోపల ఏ రసాయనం ఎంత ఉందో కొలిచే దారి అప్పట్లో లేదు.

ఇప్పుడు కొలిచే దారి ఉంది. అయినా హెంప్ సారం గురించి జరిగే చర్చంతా ఏ ద్రావకం వాడారు, ఏ యంత్రం కొన్నారు అన్నదాని చుట్టూనే తిరుగుతోంది. మందుగా వాడే సీబీడీ విషయంలో ఇది అంత ముఖ్యమైన ప్రశ్న కాదు. సారం తీశాక అందులోంచి ఏమేం తొలగించారు, చివరికి ఎంత మిగిలింది, ప్రతి బ్యాచ్‌లోనూ అంతే మిగులుతోందా అన్నవి ముఖ్యం. షాపులో దొరికే సీబీడీ నూనెకూ డాక్టర్ రాసే సీబీడీ మందుకూ తేడా వచ్చేది ఇక్కడే. రోగి చిన్నపిల్ల అయితే ఆ తేడా ఇంకా పెద్దదవుతుంది.

మొక్కలో ఉండేది వేరు

హెంప్, గంజాయి రెండూ ఒకే జాతి మొక్కలు. వృక్షశాస్త్రంలో రెంటికీ పేరు కానబిస్ సటైవానే. వాటిని విడదీసేది మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే రసాయనం శాతం. అమెరికా 2018 ఫార్మ్ బిల్లు (వ్యవసాయ చట్టం) ప్రకారం ఎండిన బరువులో డెల్టా-9 టీహెచ్‌సీ (దాని ప్రధాన రూపం) 0.3 శాతానికి మించకపోతే ఆ మొక్క హెంప్. యూరోపియన్ యూనియన్‌లో సాగు రాయితీలకు పెట్టిన హద్దు 0.2 శాతంగా ఉండేది, 2023 నుంచి 0.3 అయింది. స్విట్జర్లాండ్ 1 శాతం దగ్గర గీత గీసింది. 0.3 అనే అంకె వెనక వైద్యపరమైన లెక్క ఏదీ లేదు. 1976లో ఎర్నెస్ట్ స్మాల్, ఆర్థర్ క్రాంక్విస్ట్ అనే వృక్షశాస్త్రవేత్తలు ఈ జాతిని ఉపజాతులుగా విడగొట్టేటప్పుడు ఎక్కడో ఒకచోట హద్దు పెట్టాలి కాబట్టి అక్కడ పెట్టారు. మొక్కల వర్గీకరణ కోసం ఎంచుకున్న ఆ అంకే ఆ తర్వాత చట్టాల్లోకి ఎక్కింది.

సీబీడీ, టీహెచ్‌సీ లాంటి రసాయనాలను కానబినాయిడ్లు అంటారు. అవి మొక్క అంతటా సమానంగా ఉండవు. ఆడ మొక్కల పూత మీద, పూత చుట్టూ ఉండే చిన్న ఆకుల మీద కాడతో నిలబడి ఉండే సూక్ష్మమైన గ్రంథులుంటాయి. వాటిని ట్రైకోమ్‌లు అంటారు. సారంలోకి వచ్చే సరుకంతా దాదాపు అక్కడిదే. కాండంలో చాలా తక్కువ, గింజలో ఇంచుమించు లేనట్టే. అందుకే హెంప్ గింజల నూనెకూ సీబీడీ నూనెకూ సంబంధం లేదు.

ట్రైకోమ్‌లలో కూడా సీబీడీ నేరుగా తయారు కాదు. ఒలివెటాలిక్ ఆమ్లం, జెరానిల్ పైరోఫాస్ఫేట్ అనే రెండు పదార్థాలు కలిసి ముందు సీబీజీఏ అనే ఆమ్లం ఏర్పడుతుంది. ఒక ఎంజైమ్ దాన్ని సీబీడీఏగా (సీబీడీకి ఆమ్ల రూపం) మారుస్తుంది, ఇంకో ఎంజైమ్ టీహెచ్‌సీఏగా (టీహెచ్‌సీకి ఆమ్ల రూపం) మారుస్తుంది. హెంప్‌లో మొదటి ఎంజైమ్ చురుగ్గా ఉంటుంది, రెండోది దాదాపు ఉండదు. మరి హెంప్‌లో కాస్తయినా టీహెచ్‌సీ ఎందుకుంటుంది? ఎందుకంటే సీబీడీఏను తయారుచేసే ఎంజైమ్ పని నూటికి నూరుపాళ్లు కచ్చితంగా ఉండదు. అది తన పని చేసుకుంటూనే కొద్దిపాటి టీహెచ్‌సీఏను కూడా వదులుతుంది. అందువల్ల హెంప్‌లో సీబీడీకీ టీహెచ్‌సీకీ మధ్య సుమారు 20 నుంచి 25కు 1 అనే నిష్పత్తి కనిపిస్తుంది. పంట ముదిరి సీబీడీ పెరిగితే దాని వెంటే టీహెచ్‌సీ కూడా పెరుగుతుంది.

రైతుకు దీనితో పెద్ద టెన్షన్. టీహెచ్‌సీఏను కూడా కలిపి లెక్కించే చోట 0.3 శాతం దాటకూడదంటే సీబీడీ 6 నుంచి 7.5 శాతం దగ్గరే ఆగిపోవాలి. ఇంకో పది రోజులు ఆగి కోస్తే సీబీడీ ఎక్కువ వస్తుంది, కానీ చేనంతా చట్టం దృష్టిలో గంజాయి అయిపోతుంది. మంచి దిగుబడికీ చట్టానికీ మధ్య ఉన్న ఈ ఇరుకు మొక్క స్వభావంలోనే ఉంది. సాగులో ఎంత జాగ్రత్త తీసుకున్నా పూర్తిగా పోదు.

పూతలోని సీబీడీఏ మందులో వాడే సీబీడీ కావాలంటే వేడి తగలాలి. వేడికి ఒక్కో అణువు నుంచి ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు విడిపోతుంది. దీన్నే డీకార్బాక్సిలేషన్ అంటారు. ఇందులో బరువు సుమారు 12 శాతం తగ్గుతుంది. ల్యాబ్ రిపోర్టుల్లో టీహెచ్‌సీఏను 0.877తో గుణించి టీహెచ్‌సీకి కలపడం కనిపిస్తుంది. ఆ అంకె వచ్చింది ఇక్కడి నుంచే. వేడి చాలకపోతే సీబీడీఏ మిగిలిపోతుంది, ఎక్కువైతే సీబీడీ పాడవడం మొదలవుతుంది. ఈ పని సారం తీయకముందు చేయొచ్చు, తీశాకా చేయొచ్చు. ఎప్పుడు చేసినా ఏ వేడిలో ఎంతసేపు అన్నది బ్యాచ్ బ్యాచ్‌కూ మారకూడదు.

ద్రావకాలు: చాలా గొడవ, కొంచెం తేడా

సారం తీయడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి: ఒకటి ఇథనాల్ అనే ఆల్కహాల్, రెండోది బ్యూటేన్, ప్రొపేన్, హెక్సేన్ లాంటి హైడ్రోకార్బన్లు, మూడోది ఒత్తిడిలో ఉంచిన కార్బన్ డయాక్సైడ్. ఇథనాల్ వేగంగా పనిచేస్తుంది, పెద్ద పరిమాణాల్లో వాడటం తేలిక. కానీ మామూలు ఉష్ణోగ్రతలో అది పత్రహరితాన్ని, చక్కెరలను కూడా లాక్కొస్తుంది. అందుకే దాన్ని సున్నాకు బాగా కిందకి చల్లబరిచి వాడతారు. హైడ్రోకార్బన్లు కానబినాయిడ్లను శుభ్రంగా కరిగిస్తాయి. అయితే అవి తేలిగ్గా అంటుకుంటాయి కాబట్టి వాటితో పనిచేసే భవనం, గాలి మార్పిడి, కరెంటు వైరింగ్ అన్నీ దానికి తగ్గట్టు కట్టాలి.

కార్బన్ డయాక్సైడ్‌కు వచ్చిన పేరు మాత్రం వేరే. సుమారు 31 డిగ్రీల సెల్సియస్, 74 బార్ ఒత్తిడి దాటితే అది వాయువూ కాని, ద్రవమూ కాని స్థితిలోకి వెళ్తుంది. వాయువులా సందుల్లోకి దూరుతుంది, ద్రవంలా కరిగించుకుంటుంది. ఒత్తిడి, ఉష్ణోగ్రత మార్చి దాని కరిగించే శక్తిని పెంచొచ్చు, తగ్గించొచ్చు. పని అయ్యాక ఒత్తిడి తీసేస్తే గాల్లో కలిసిపోతుంది, సారంలో ద్రావకం జాడ ఉండదు. ఈ చివరి గుణం వల్లే ప్రకటనల్లో దీనికి అంత గౌరవం. కానీ కార్బన్ డయాక్సైడ్‌తో తీసిన సారంలోకి మొక్క మైనాలు కూడా వస్తాయి, వాటిని తొలగించడానికి మళ్లీ ఇథనాల్ వాడాల్సి వస్తుంది. కాబట్టి సీసా మీద కార్బన్ డయాక్సైడ్ పేరు కనిపించినంత మాత్రాన ఆ సరుకుకు వేరే ద్రావకం తగల్లేదని అనుకోకూడదు. తగిలిందా లేదా అన్న భయమూ అక్కర్లేదు, ఎంత మిగిలిందో కొలిస్తే చాలు. ఔషధ ప్రమాణాలను ఉమ్మడిగా నిర్ణయించే ఐసీహెచ్ మార్గదర్శకాల ప్రకారం ఇథనాల్, హెప్టేన్ లాంటి తక్కువ ప్రమాదకర ద్రావకాలు 5,000 పీపీఎం (పది లక్షల్లో 5,000 వంతులు) దాకా ఉండొచ్చు. హెక్సేన్‌కు హద్దు 290 పీపీఎం, బెంజీన్‌కు 2. హెక్సేన్‌తో తీసి హద్దుకు లోబడి శుభ్రం చేసిన సరుకు, ఏ పరీక్షా చేయని కార్బన్ డయాక్సైడ్ సరుకు కంటే మందుకు ఎక్కువ పనికొస్తుంది.

టీహెచ్‌సీ లెక్క

అసలు సమస్య ఇక్కడ మొదలవుతుంది. సారం తీయడమంటే మొక్కలోని పీచు, నీరు, పిండి పదార్థాలను వదిలేసి మిగిలినదాన్ని చిక్కబరచడం. సీబీడీ చిక్కబడితే టీహెచ్‌సీ కూడా దాంతోపాటే చిక్కబడుతుంది. ఒక పూతలో 7 శాతం సీబీడీ, 0.3 శాతం టీహెచ్‌సీ ఉన్నాయనుకుందాం. అది చట్టం దృష్టిలో హెంప్. దాని నుంచి 63 శాతం సీబీడీ ఉన్న ముడి సారం వచ్చిందంటే, తొమ్మిది రెట్లు చిక్కబడిందన్నమాట. అప్పుడు టీహెచ్‌సీ కూడా 2.7 శాతం దగ్గర ఉంటుంది. ఎవరూ ఏ తప్పూ చేయలేదు, బయటి నుంచి ఏదీ కలపలేదు. అయినా ఫ్యాక్టరీ మధ్యలో ఉన్న ఆ డ్రమ్ము ఇప్పుడు హెంప్ హద్దుకు తొమ్మిది రెట్లు పైన ఉంది. 2020 ఆగస్టులో అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ, 0.3 శాతం దాటిన సారం హెంప్ నుంచే వచ్చినా నియంత్రిత పదార్థమేనని ప్రకటించినప్పుడు తయారీదారులు గగ్గోలు పెట్టింది ఇందుకే.

చట్టాన్ని పక్కన పెట్టి వైద్యం వైపు నుంచి చూస్తే ఇదే లెక్క ఇంకా గట్టిగా తగులుతుంది. శాతం అనేది సీసాలోని ద్రవం గురించి చెబుతుంది, రోగి శరీరంలోకి వెళ్లే మోతాదు గురించి చెప్పదు. డ్రావే సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛ వ్యాధికి సీబీడీని రోజుకు కిలో శరీర బరువుకు 20 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు. 30 కిలోల పిల్లకు అది 600 మిల్లీగ్రాములు. ఇప్పుడు 10 శాతం సీబీడీ, 0.3 శాతం టీహెచ్‌సీ ఉన్న నూనెతో ఆ 600 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే రోజుకు 6 గ్రాముల నూనె పట్టాలి. అందులో 18 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉంటుంది. పెద్దవాళ్లకు వాంతులు తగ్గడానికి, ఆకలి పుట్టడానికి వాడే టీహెచ్‌సీ మందు డ్రోనబినాల్ 2.5, 5, 10 మిల్లీగ్రాముల గుళికల్లో వస్తుంది. అంటే చట్టం ప్రకారం ఏ దోషం లేని నూనెతోనే ఒక పిల్లకు ప్రతిరోజూ పెద్దలకిచ్చే అతి పెద్ద గుళికలో ఉన్నదాన్ని మించిన టీహెచ్‌సీ వెళ్లిపోతుంది. మత్తు, గుండె వేగంగా కొట్టుకోవడం, ఎదిగే మెదడు మీద పడే ప్రభావం, వీటన్నిటినీ సీబీడీ ఖాతాలో వేసుకునే ప్రమాదం కూడా ఉంది.

మందు తయారీ ప్రమాణం ఈ లెక్కను తిరగేస్తుంది. అమెరికాలో 2018లో నియంత్రిత పదార్థాల ఉత్తర్వుల్లో పేర్కొన్న నిర్వచనం ప్రకారం, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన సీబీడీ మందులో మిగిలిపోయిన టీహెచ్‌సీ 0.1 శాతం మించకూడదని ఉండేది. సీబీడీ ముడి మందులో ఆ హద్దు పాటిస్తే పై పిల్లకు వెళ్లేది గరిష్ఠంగా 0.6 మిల్లీగ్రాములు. పూతలో ఉన్న నిష్పత్తిని చూస్తే, ప్రతి గ్రాము సీబీడీకీ అంటుకుని వచ్చిన టీహెచ్‌సీ 40 రెట్లకు పైగా తగ్గాలి. రెండు అణువుల ఫార్ములా ఒకటే, సీ21హెచ్30ఓ2. బరువు ఒకటే. రెండూ కొవ్వులో కరుగుతాయి, రెండూ దగ్గరదగ్గర ఉష్ణోగ్రతల్లో ఆవిరవుతాయి. అలాంటి కవలల్లో ఒకదాన్ని ఉంచి ఒకదాన్ని తీసేయడం మీదే ఈ పరిశ్రమలోని అసలు నైపుణ్యమంతా ఖర్చవుతుంది.

చట్టాలు కూడా ఆలస్యంగానైనా శాతం నుంచి మిల్లీగ్రాముల వైపు కదులుతున్నాయి. 2025 నవంబరులో అమెరికా ఏడాది గడువుతో తెచ్చిన మార్పులో వినియోగదారుకు అమ్మే హెంప్ ఉత్పత్తి ఒక్కో ప్యాకింగ్‌లో మొత్తం టీహెచ్‌సీ 0.4 మిల్లీగ్రాములు దాటకూడదని పెట్టారు. ఆ అంకె మరీ బిగుతుగా ఉందా లేదా అన్నది వేరే వాదన. కొలిచే పద్ధతి మాత్రం ఇదే సరైనది.

శుభ్రం చేసే దశలు

ముడి సారాన్ని ముందుగా ఇథనాల్‌లో కరిగించి చాలా చల్లగా ఉంచుతారు. చలికాలంలో కొబ్బరినూనె పేరుకున్నట్టు మైనాలు, కొవ్వులు గడ్డకట్టి అడుగుకు చేరతాయి. వాటిని వడగట్టేస్తారు. దీనికి వింటరైజేషన్ అని పేరు. −20 డిగ్రీల దగ్గర దీనికి చాలా గంటలు పడుతుంది, ఇంకా చల్లగా చేస్తే త్వరగా అవుతుంది. ఈ దశలో తొందరపడితే తర్వాత ఫిల్టర్లన్నీ పూడుకుపోతాయి.

తర్వాత ద్రావకాన్ని తీసేసి, చాలా తక్కువ పీడనంలో స్వేదనం చేస్తారు. మామూలు గాలి పీడనంలో సీబీడీని మరిగించే వేడి దాన్ని పాడుచేస్తుంది కాబట్టి గాలిని దాదాపు పూర్తిగా లాగేసి, వేడి గోడ మీద సారాన్ని పల్చటి పొరగా పరిచి, కొద్ది క్షణాలే వేడి తగిలేలా చేస్తారు. బయటికి వచ్చే తేనె రంగు ద్రవంలో సీబీడీ 80 శాతం చుట్టుపక్కల ఉండొచ్చు. చూడ్డానికి చాలా శుభ్రంగా ఉంటుంది. కానీ టీహెచ్‌సీ అందులో అలాగే ఉంది, పైగా ఇంకా చిక్కబడి ఉంది. స్వేదనం మైనాలను, రంగును, వాసననిచ్చే తేలికైన టర్పీన్లను వేరుచేస్తుంది కానీ ఈ కవలలను విడదీయలేదు.

వాటిని విడదీసేది వాటి మధ్య ఉన్న ఒక చిన్న తేడా. సీబీడీ స్ఫటికంగా మారుతుంది. టీహెచ్‌సీ మారదు, జిగురుగానే ఉండిపోతుంది. పెంటేన్, హెప్టేన్ లాంటి ద్రావకంలో స్వేదన ద్రవాన్ని కరిగించి మెల్లగా చల్లబరిస్తే తెల్లటి సీబీడీ పలుకులు ఏర్పడతాయి. టీహెచ్‌సీ, ఇతర కానబినాయిడ్లు ద్రావకంలోనే మిగులుతాయి. చల్లని ద్రావకంతో పలుకులను కడిగి ఆరబెడతారు. కావలసిన శుద్ధత రాకపోతే మళ్లీ కరిగించి మళ్లీ స్ఫటికం చేస్తారు. ఇక్కడ ఓపిక ముఖ్యం. గబగబా చల్లబరిస్తే పలుకుల మధ్య మురికి ద్రవం ఇరుక్కుపోతుంది, ఎంత కడిగినా పోదు. సుమారు 66 డిగ్రీల దగ్గరే సీబీడీ కరిగిపోతుంది కాబట్టి ఆరబెట్టేటప్పుడు వేడి కూడా ఇష్టం వచ్చినట్టు పెంచకూడదు.

స్ఫటికీకరణతోనే పని జరిగిపోవడం సీబీడీకి ఉన్న అదృష్టం. సీబీజీ అనే మరో కానబినాయిడ్ కూడా స్ఫటికం అవుతుంది. కానీ సీబీసీ లాంటి వాటిని, లేదా టీహెచ్‌సీనే మందుగా శుద్ధి చేయాల్సి వస్తే క్రొమటోగ్రఫీ వాడాల్సిందే. పొడితో నింపిన స్తంభం గుండా ద్రవాన్ని నడిపిస్తే ఒక్కో అణువు ఒక్కో వేగంతో బయటికి వస్తుంది. ఫలితం బాగుంటుంది కానీ ద్రావకం విపరీతంగా ఖర్చవుతుంది.

శుద్ధి దశలోనే ఒక పెద్ద ఉచ్చు ఉంది. సీబీడీకి ఆమ్లం తగిలితే దాని నిర్మాణంలో ఒక వలయం మూసుకుని అది టీహెచ్‌సీ అవుతుంది. రోజర్ ఆడమ్స్ ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 1940లో సీబీడీని వేరుచేసిన కొద్దికాలానికే ఈ మార్పును గమనించారు. సీబీడీ నిర్మాణాన్ని రఫేల్ మెషూలం, యూవల్ ష్వో 1963లో కచ్చితంగా తేల్చారు, మరుసటి ఏడాది మెషూలం, యెహియెల్ గావోని టీహెచ్‌సీని వేరుచేశారు. ఇప్పటి ఫ్యాక్టరీల్లో ఈ ఆమ్లం తెలియకుండానే వస్తుంది. సారానికి మంచి రంగు రావడం కోసం వాడే కొన్ని రకాల బంకమన్నులను తయారీలోనే ఆమ్లంతో శుద్ధి చేసి ఉంటారు. వేడి సారం వాటి గుండా వెళ్తే కొంత సీబీడీ డెల్టా-8, డెల్టా-9 టీహెచ్‌సీలుగా మారిపోవచ్చు. రంగు కోసం చేసిన పని మందునే మార్చేస్తుంది. మందుల తయారీలో రంగు మీద ఇంత మోజు ఉండాల్సిన అవసరమే లేదు.

కొలవడం, నిరూపించడం

కానబినాయిడ్ల శాతాలు కొలిచే పద్ధతిలోనే తప్పు జరగొచ్చు. గ్యాస్ క్రొమటోగ్రఫీలో నమూనాను ముందుగా బాగా వేడి చేస్తారు. ఆ వేడికి సీబీడీఏ అక్కడికక్కడే సీబీడీ అయిపోతుంది. అసలు సరుకులో ఆమ్లం ఎంత ఉందో రిపోర్టు చెప్పలేదు. నమూనాను ద్రవంలోనే నడిపించే హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో ఆ వేడి ఉండదు కాబట్టి ఆమ్ల రూపాలు వేరుగా, మామూలు రూపాలు వేరుగా కనిపిస్తాయి. డీకార్బాక్సిలేషన్ పూర్తయిందా అన్నది తెలియాలంటే ఇదే దారి.

మిగతా కల్మషాల విషయంలో జనంలో ఉన్న భయాలు కొంత సరైనవి, కొంత కావు. హెంప్ వేళ్లు నేలలోని సీసం, కాడ్మియం లాంటి లోహాలను బాగా పీలుస్తాయి. చెర్నోబిల్ దగ్గరి నేలల్లో కూడా శుద్ధి కోసం ఈ పంటను వేసి చూశారు. కానీ ఆ లోహాల్లో చాలా భాగం కార్బన్ డయాక్సైడ్‌లో కరగదు, స్ఫటికంలోకి చేరదు, పిప్పిలోనే ఉండిపోతుంది. పురుగుమందులు అలా కాదు. వాటిలో చాలావరకు కొవ్వులో కరిగే అణువులే. అంటే సీబీడీ ఏ దారిలో వస్తుందో అవీ అదే దారిలో వచ్చి, దాంతోపాటే చిక్కబడతాయి. బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్లు కూడా ఇథనాల్‌లో కరుగుతాయి. పూతలో హద్దు లోపల ఉన్న అవశేషం సారంలో హద్దు దాటడానికి పది రెట్లు చిక్కబడితే చాలు. అందుకే మందుకు పండించే హెంప్‌ను కలుపు మందులు, పురుగు మందులు లేకుండా, ఒకే తల్లి మొక్క నుంచి తీసిన కొమ్మలతో, వీలైతే గాజు ఇళ్లలో పెంచుతారు. గింజలతో పెంచితే ప్రతి మొక్కా కాస్త వేరుగా ఉంటుంది. కొమ్మలతో పెంచితే పొలమంతా జన్యుపరంగా ఒకే మొక్క.

ఇంత తతంగం లేని చోట ఏం జరుగుతుందో చూపించిన అధ్యయనం ఒకటుంది. 2017లో అమెరికా వైద్య సంఘం పత్రిక జామాలో వచ్చిన ఆ పరిశీలనలో ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులను పరీక్షించారు. లేబుల్ మీద రాసినంత సీబీడీ ఉన్నవి 26 మాత్రమే. కొన్నింటిలో తక్కువ ఉంది, ఇంకా ఎక్కువ వాటిలో రాసిన దాని కంటే ఎక్కువే ఉంది. 18 ఉత్పత్తుల్లో టీహెచ్‌సీ దొరికింది. మూర్ఛ రోగికి ఈ నెల సీసాకీ వచ్చే నెల సీసాకీ మోతాదు మారిపోతే ఫిట్స్ ఎందుకు తిరిగొచ్చాయో డాక్టర్ కూడా చెప్పలేని పరిస్థితి వస్తుంది.

ఆమోదం దాకా వెళ్లిన దారి

సీబీడీతో మూర్ఛ తగ్గవచ్చన్న ఆధారం కొత్తది కాదు. బ్రెజిల్ పరిశోధకులు 1980లోనే 15 మంది రోగులతో చిన్న పరీక్ష చేశారు. సీబీడీ తీసుకున్న ఎనిమిది మందిలో నలుగురికి ఫిట్స్ దాదాపు ఆగిపోయాయి. అయినా ఆ ఆధారం ఆమోదం పొందిన మందుగా మారడానికి 38 ఏళ్లు పట్టింది. పెద్ద పరీక్ష చేయాలంటే వందల మందికి నెలల తరబడి ఒకే రకమైన మందు ఇవ్వాలి. అలాంటి సరుకు తయారుచేసే వాళ్లు లేకపోవడం ఈ ఆలస్యానికి ఒక ముఖ్య కారణం.

ఆ పని బ్రిటన్‌లో 1998లో మొదలైన జీడబ్ల్యూ ఫార్మాస్యూటికల్స్ చేసింది. వాళ్ల మొదటి మందు సటివెక్స్ రెండు రకాల మొక్కల సారాల మిశ్రమం. నోట్లో ఒక్కసారి స్ప్రే చేస్తే 2.7 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, 2.5 మిల్లీగ్రాముల సీబీడీ పడతాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కండరాలు బిగుసుకుపోవడానికి బ్రిటన్ 2010లో దీన్ని ఆమోదించింది. మిశ్రమాన్ని మందుగా ఒప్పించడం చాలా కష్టం, అందులోని ప్రతి భాగం స్థిరంగా ఉందని చూపించాలి. రెండో మందు ఎపిడియోలెక్స్ విషయంలో స్ఫటికం దాకా వెళ్లి దాదాపు ఒకే అణువుకు పరిమితమయ్యారు. 2017లో ప్రచురితమైన పరీక్షలో డ్రావే సిండ్రోమ్ ఉన్న 120 మంది పిల్లలు, యువకులు పాల్గొన్నారు. సీబీడీ తీసుకున్న వాళ్లలో నెలకు వచ్చే ఫిట్స్ మధ్యస్థ సంఖ్య 12.4 నుంచి 5.9కి తగ్గింది. ఉత్తుత్తి మందు తీసుకున్న వాళ్లలో 14.9 నుంచి 14.1కి మాత్రమే. ఎఫ్‌డీఏ 2018 జూన్‌లో ఆమోదం ఇచ్చింది.

మొక్కలోని పదార్థాలన్నీ కలిసి ఉంటేనే మేలు జరుగుతుందన్న వాదన ఒకటి బలంగా వినిపిస్తుంది. అది పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు, సటివెక్స్ ఒక మిశ్రమమే కదా. కానీ సటివెక్స్‌లో ఏ స్ప్రేలో ఎంత ఉందో తెలుసు. ఏమున్నాయో, ఎంతున్నాయో చెప్పలేని సారాన్ని ఈ వాదనతో సమర్థించడం మాత్రం సరికాదు. సీబీడీ ఒంటరిగానే తేలికపాటి మందు కాదు. కాలేయ ఎంజైమ్‌లను పెంచగలదు. మూర్ఛకు వాడే క్లోబజామ్ శరీరంలో మారి ఏర్పడే పదార్థం స్థాయిని బాగా పెంచి నిద్రమత్తు తెస్తుంది. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనంతో తీసుకుంటే రక్తంలోకి చేరే మొత్తం సుమారు నాలుగు రెట్లు అవుతుంది. అందుకే ఎపిడియోలెక్స్‌ను నువ్వుల నూనెలో కరిగించి, మిల్లీలీటరుకు సరిగ్గా 100 మిల్లీగ్రాములు ఉండేలా ఇస్తారు. భోజనంతోనో, భోజనం లేకుండానో, ఏదైనా ఒకే పద్ధతిలో రోజూ తీసుకోమని చెబుతారు.

మొక్క లేకుండా

పై లెక్కలోని 30 కిలోల పిల్లకు ఏడాదికి సుమారు 219 గ్రాముల సీబీడీ కావాలి. 7 శాతం సీబీడీ ఉన్న పూత నుంచి, అన్ని దశలూ దాటాక 70 శాతం చేతికి వస్తుందనుకుంటే, ఒక్క రోగికి ఏడాదికి నాలుగున్నర కిలోల ఎండిన పూత అవసరం. అంత పంట, అంత ద్రావకం, అంత శుద్ధి ఎందుకు, అణువునే ల్యాబ్‌లో కట్టేస్తే పోదా అన్న ప్రశ్న సహజం. ఒలివెటాల్ అనే రసాయనాన్ని, ఒక టర్పీన్ ఆల్కహాల్‌ను ఆమ్లం సమక్షంలో కలిపి సీబీడీని తయారుచేసే పద్ధతి ఇప్పటికే పెద్ద ఎత్తున వాడుకలో ఉంది. 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో జే కీజ్లింగ్ బృందం ఈస్ట్ కణాల్లోనే కానబినాయిడ్ ఆమ్లాలను పుట్టించి చూపించింది. అప్పటి దిగుబడి లీటరుకు కొన్ని మిల్లీగ్రాములే.

చివరికి వచ్చే అణువు ఒకటే అయినప్పుడు మొక్క సరుకు ల్యాబ్ సరుకు కంటే ఏ విధంగానూ పవిత్రమైనది కాదు. తేడా మిగిలిపోయే కల్మషాల్లో ఉంటుంది. మొక్క నుంచి వచ్చిన దాంట్లో టీహెచ్‌సీ, సీబీడీని పోలిన సీబీడీవీ, పురుగుమందులు, బూజు విషాల కోసం వెతకాలి. ల్యాబ్‌లో కట్టిన దాంట్లో మిగిలిపోయిన ఒలివెటాల్, తప్పు చోట అతుక్కున్న సీబీడీ రూపాలు, మొక్క ఎప్పుడూ చేయని దిశలో మెలి తిరిగిన అణువులు, ఆ ఆమ్లం వల్లే పుట్టిన టీహెచ్‌సీ కోసం వెతకాలి. ఒకదాని కోసం రాసిన పరీక్షల పట్టికతో రెండోదాన్ని పాస్ చేస్తే, రిపోర్టులో అన్నీ సున్నాలే కనిపిస్తాయి, సీసాలో మాత్రం ఎవరూ వెతకని అణువులు ఉండిపోతాయి.